దిగిన చప్పుడు

ఆ స్టూడియోలో చివరి ఫ్లోరుకి చెడ్డపేరు ఉంది. ఫ్లోరంటే మేడ మీద అంతస్తు అనుకునేరు, కాదు. సినిమావాళ్ళు సెట్లు వేసుకునే పెద్ద రేకుల షెడ్డు. చీకటి పడితే టీ అమ్మేవాడు కూడా సైకిలు తిప్పుకుని చుట్టుతోవన పోతాడు తప్ప దాని ముందు నుంచి పోడు.

జనం చెప్పుకునేది ఏమిటంటే... రాత్రి బాగా పొద్దుపోయాక ఆ షెడ్డులో, పైన లైట్లు కట్టే చెక్కల వంతెన మీద, ఎవరో పరుగెడతారట. ఈ చివర మొదలై ఆ చివరిదాకా. అడుగులు దగ్గరదగ్గరగా, వేగం పెరుగుతూ పెరుగుతూ — దూకినట్టు ఒక్కసారిగా ఆగిపోతాయట.

అంతే. ఆ తర్వాత ఏమీ ఉండదు.

దూకినవాడు కింద పడాలి కదా అని ఎవరైనా తెలివిగా అడిగితే, రాత్రి కాపలావాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించేవాడు.

"అదేగా చెప్పేది... దిగిన చప్పుడు రాదు."

ఆ ఫ్లోర్లో ఒక రాత్రి ఒంటరిగా నిలబడిన మనిషి కథ ఇది. ఆమెను స్టూడియోలో అందరూ చప్పుళ్ళక్క అనేవారు. సినిమాలకు చప్పుళ్ళు చేయడం ఆమె పని.

సినిమాలో మీకు వినిపించేదాంట్లో సగం పచ్చి అబద్ధం. ఎముక విరిగిందని మీరు కళ్ళు మూసుకుంటారా, అక్కడ విరిగింది ముల్లంగి. దెయ్యం మెడ తిప్పితే కరకరలాడేది పాత తోలు పర్సు. వెన్నులో చలి పుట్టించే ఆ తలుపు కిర్రు ఉంది చూశారూ, అది తలుపే కాదు, కాలు వదులైన కుర్చీ. ఆ కుర్చీలో చప్పుళ్ళక్క ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. దాని వయసు సినిమాల్లో చాలామంది హీరోయిన్ల కంటే ఎక్కువ.

అసలు ఆమెకు అన్నం పెట్టినవి మాత్రం తారాజువ్వ సినిమాలు. తారాజువ్వ అంటే ఎర్ర ముసుగు వీరుడు. వీపున రెపరెపలాడే బట్ట, ఒక్క ఊపులో ఈ మేడ మీంచి ఆ మేడ మీదికి. పిల్లలు పడిచచ్చేవాళ్ళు. ఆ వీరుడు నిజానికి ఒకడు కాదు, నలుగురు. ముసుగు తీస్తే కనపడే మొహం హీరోది. ఆ గంభీరమైన గొంతు డబ్బింగ్ చెప్పే ఇంకొకాయనది. ముసుగులో దూకి, దొర్లి, తన్నులు తినే ఒళ్ళు డూపుది. వినపడే అడుగులు చప్పుళ్ళక్కవి.

డూపూ, చప్పుళ్ళక్కా మొగుడూ పెళ్ళాలు.

సెట్లో రికార్డయిన అసలు అడుగులు పనికిరావు. గాలి ఫ్యాన్ల హోరు, ఫైట్ మాస్టర్ కేకలు అన్నీ అందులో కలిసిపోతాయి. అదంతా తీసిపారేసి, తెర మీద డూపు కాళ్ళు చూస్తూ, అలాంటి బూట్లే తొడుక్కుని, అతను అడుగేసినప్పుడల్లా ఆమె అడుగేసేది. అతను నడిస్తే ఆమె వినిపించేది. "మా ఇంట్లోనూ ఇంతే, పని నాది, చప్పుడు ఈవిడది" అని అతను నలుగురిలో వేళాకోళం ఆడేవాడు. ఆమె మూతి తిప్పుకునేది గానీ లోపల మురిసిపోయేది.

ఆ ఎర్ర సూటు సంగతి తెలిస్తే పిల్లలు నవ్విపోతారు. కండలన్నీ స్పాంజి. తొడగాలంటే ఇద్దరు పట్టాలి, విప్పాలంటే ముగ్గురు. మధ్యలో బాత్‌రూముకి వెళ్ళే దారి లేదు కాబట్టి షూటింగ్ రోజున డూపు పొద్దుటి నుంచి నీళ్ళు ముట్టేవాడు కాదు. వీపు మీద బట్ట గాలికి ఎగరదు, కనపడని దారం కట్టి వెనక నుంచి ఒకడు లాగాలి. దాని రెపరెప చప్పుడు మాత్రం ఇంట్లో పాత దుప్పటిది. చప్పుళ్ళక్క దాన్ని తడిపి, పిండి, రెండు చేతులా విసిరేది. లోకాన్ని కాపాడే వీరుడి వీపున ఎగిరింది చివరికి వాళ్ళ మంచం మీది దుప్పటే.

ఇంకొక్క సంగతి చెప్పాలి, అది లేకపోతే ఈ కథ లేదు.

ఏ సెట్లోనైనా షూటింగ్ అయిపోయాక, రికార్డిస్టు అందరినీ ఉన్నచోటే కదలకుండా నిలబెట్టి ఉత్త నిశ్శబ్దాన్ని కాసేపు రికార్డు చేస్తాడు. తర్వాత మాటకీ మాటకీ మధ్య అతకడానికి పనికొస్తుంది. దాన్ని రూమ్ టోన్ అంటారు. ఆ స్టూడియోలో ఆ పని హెడ్‌ఫోన్ బాబాయ్‌ది. చెవుల మీద హెడ్‌ఫోన్లు లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. చప్పుళ్ళక్కకు సొంత బాబాయేమీ కాదు, కానీ పని నేర్పింది ఆయనే, పెళ్ళికి పెద్దమనిషిగా నిలబడింది ఆయనే. అందుకని డూపును అల్లుడూ అని పిలిచేవాడు.

ఆయన "టోన్" అనగానే సెట్టంతా ఊపిరి బిగబట్టేది. తుమ్ము వచ్చినా మింగాల్సిందే. సరిగ్గా అప్పుడు... డూపు ఎడమ మోకాలు టక్కుమనేది. ఎప్పుడో పడిన పాత దెబ్బ. బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారిస్తే చాలు, పుల్ల విరిచినట్టు ఒక్క చప్పుడు.

"అల్లుడూ... మోకాలు!" అని బాబాయ్ స్పీకర్లో అరిచేవాడు. సెట్టంతా గొల్లుమనేది. మళ్ళీ మొదటి నుంచి. ప్రతి సినిమాకీ ఇదే తంతు, చివరికి డూపు మోకాలు చప్పుడు చేయకపోతేనే జనానికి వెలితిగా ఉండేది.

ఆ డూపు చనిపోయింది చివరి ఫ్లోర్లోనే.

తారాజువ్వ పరుగెత్తుకుంటూ వచ్చి మేడ మీంచి దూకే షాట్. పైన చెక్కల వంతెన మీద పరుగు. నడుముకి రోపు. కింద పరుపు. రోపు కొక్కెం ఊడింది, పరుపు ఉండాల్సినచోటికి కాస్త ఇవతల ఉంది. అంతకు మించి చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అప్పుడు చప్పుళ్ళక్క పక్క బిల్డింగులో, చీమ చిటుక్కుమన్నా లోపలికి రాని గదిలో, ఏదో దెయ్యం సినిమాకి కుర్చీ ఊపుతూ ఉంది. లోకంలో చప్పుళ్ళన్నీ చేసిన మనిషికి ఆ ఒక్క చప్పుడూ వినపడలేదు.

ఆ షాట్ సినిమాలో ఉంది. దూకేదాకా డూపు. గాల్లో ఉండగా కట్ చేసి, నేల మీద దర్జాగా వాలింది హీరో. ఆ పరుగుకి అడుగులు ఎవరు వేస్తారని అందరూ మొహాలు చూసుకుంటుంటే, చప్పుళ్ళక్క బూట్లు తొడుక్కుని వచ్చింది. ఒక్క టేకులో వేసేసింది. అతని చివరి అడుగు దగ్గర ఆమె అడుగు ఆగిపోయింది. హీరో వాలినప్పుడు ఇసుక సంచి పడేసింది. గదిలో మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు. ఆమె మంచినీళ్ళు తాగి, "తర్వాతది వేయండి" అంది.

అప్పటి నుంచీ అంతే. పళ్ళ డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చాక చెంప ఎలా ఉంటుందో ఆమెకు ఒళ్ళంతా అలా అయిపోయింది. పనికి వెళ్ళేది, వచ్చేది, వండేది. కూరలో ఉప్పు వేయడం మర్చిపోయినా తినేసేది. ఇంట్లో అత్తగారు కొడుకు చొక్కా పట్టుకుని ఏడుస్తుంటే పక్కన కూర్చుని వీపు నిమిరేది, తన కళ్ళు మాత్రం తడిసేవి కావు.

ఒకరోజు అత్తగారే అడిగింది, తప్పు పట్టడానికి కాదు, భయంతో. "నీకు ఏడుపెందుకు రాదే తల్లీ? ఏడిస్తే పోతుందే..."

రావడం లేదత్తయ్యా అని మాత్రం అంది. అది నిజం. లోపలికి చెయ్యి పెట్టి వెతికినా ఏమీ తగలడం లేదు.

ఇలా ఉండగా చివరి ఫ్లోరును కూలగొడతారని తెలిసింది. కూల్చేలోపు అందులో ఆఖరుగా ఒక దెయ్యం సినిమా తీస్తున్నారు. ఆ డైరెక్టరు చాలా ఉత్సాహవంతుడు. బల్బు మిణుకుమిణుకుమనాలి. దానంతటదే ఊగే ఊయల ఉండాలి. చీకట్లోంచి పిల్లి దూకాలి. హీరోయిన్ అద్దం ముందు మొహం కడుక్కుని తలెత్తితే వెనకాల ఎవరో నిలబడి ఉండాలి. ఫోను తీస్తే సిగ్నల్ ఉండకూడదు. ఇన్ని విని, ఇంతకీ ఇందులో కొత్తగా ఏముంది బాబూ అని బాబాయ్ అడిగాడట. ఊయల రెండు వైపులా ఊగదండీ, ఒకవైపే ఊగుతుంది అన్నాడట డైరెక్టరు.

పోనీ ఒక్క మంచి కోరిక కోరాడు. ఆ ఫ్లోరు అసలు నిశ్శబ్దం కావాలన్నాడు. పగలైతే జనరేటర్లు, రోడ్డు మీద లారీలు. అంచేత రాత్రే తీయాలి.

బాబాయ్‌ది ఒక పట్టుదల. ఖాళీ గది నిశ్శబ్దం ఆయన ఒప్పుకోడు. మనిషి ఊపిరి లేని నిశ్శబ్దం చచ్చు నిశ్శబ్దం, తెర మీద మనిషి నిలబడి ఉంటే అది అతకదు అంటాడు. సీనులో హీరోయిన్ ఒక్కతే ఉంటుంది కాబట్టి లోపల ఒక్క మనిషి నిలబడాలి. హీరోయిన్ ససేమిరా అంది. దెయ్యాల మీద అన్ని సినిమాలు తీసిన డైరెక్టరుకు ఆ సాయంత్రమే జ్వరం తగిలింది.

"నేను నిలబడతాను" అంది చప్పుళ్ళక్క.

బాబాయ్ మొహం పాలిపోయింది. వద్దు తల్లీ అన్నాడు. ఆమె విన్లేదు. కనీసం భయమైనా వేస్తుందేమో చూద్దామనుకుంది. ఏదో ఒకటి అనిపిస్తే చాలు.

రాత్రి వ్యాను షెడ్డు బయట ఆపి, బాబాయ్ అందులో కూర్చున్నాడు. లోపల మైకు, మైకు పక్కన చిన్న స్పీకరు. బాబాయ్ బొత్తాం నొక్కి మాట్లాడితే అందులో వినపడుతుంది. ఆమె టార్చి పట్టుకుని లోపలికి నడిచింది.

తలుపు కిర్రుమంది. నా కుర్చీ ఇంతకంటే నయం అనుకుంది.

సెట్టు మంచం వెనక నుంచి పిల్లి ఒకటి దూకింది. అది తన దారిన పోయింది, ఈమె తన దారిన పోయింది. అద్దం ఉంది. చూసింది. అందులో తనే ఉంది, వెనకాల ఎవరూ లేరు. ఊయల ఉంది. ఏ వైపుకీ ఊగలేదు. ఫోను తీసి చూసింది. సిగ్నల్ నిండుగా ఉంది, అత్తగారి మెసేజ్ కూడా ఉంది. తిన్నావా అని.

ఫోను ఆపేసింది. గోడవార, దుమ్ము కొట్టుకుని, ఆ రోజు కింద వేసిన నీలం పరుపు ఇంకా అక్కడే పడి ఉంది. అది చూసినా ఏమీ అనిపించలేదు. దానికి వీపు తిప్పి మైకు ముందు నిలబడి, టార్చి ఆర్పేసింది.

చీకటి.

"టోన్..." స్పీకర్లో బాబాయ్ గొంతు వణికింది. "కదలకు తల్లీ."

నిశ్శబ్దం మొదలైంది. కాసేపు తన ఊపిరి తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత — పైన.

టక.

ఆ చివర. చాలా దూరంలో.

టక... టక...

ఇటే వస్తోంది. టక, టక, టకటకటక... తల మీదుగా, దగ్గరదగ్గరగా, వేగం పెరుగుతూ...

సినిమాలో అయితే హీరోయిన్ ఈపాటికి "ఎవరది?" అని అడిగేది. దెయ్యమేదో ఇంటిపేరుతో సహా చెబుతుందన్నట్టు. చప్పుళ్ళక్క అడగలేదు. రికార్డింగ్ నడుస్తోంది. రికార్డింగ్ నడుస్తుంటే ఇల్లు కూలినా నోరు మెదపకూడదు, ఆమె నేర్చుకున్న మొదటి పాఠం అది. వేళ్ళు మాత్రం చీర కుచ్చెళ్ళను గట్టిగా పట్టుకున్నాయి. లోపల ఎక్కడో, చాలా లోతున, ఏదో కదిలింది.

టకటకటక —

ఆగిపోయింది.

ఆమె ఎదురుచూసింది. దిగిన చప్పుడు రాలేదు.

అప్పుడు ఆమె చెవి ఆమెకు ద్రోహం చేసింది. ఇన్నేళ్ళు ఆ అడుగులు వేసిన చెవి అది. రబ్బరు బూటు చెక్క మీద ఇలా పలకదు. ఇది ఇనుము. పగలంతా ఎండకు కాగిన పైకప్పు రేకులు, రాత్రి చల్లారుతూ, ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటున్నాయి. ఈ చివర రేకుల కింద ఎప్పుడో స్పాంజి వేయించారు. అవి పలకవు. అందుకే పరుగు అక్కడికొచ్చి ఆగిపోతుంది. ఇంత పెద్ద స్టూడియోను ఇన్నాళ్ళు జడిపించిన దెయ్యం అదే.

"రేకులు తల్లీ, రేకులే," స్పీకర్లో బాబాయ్ గట్టిగా ఊపిరి వదిలాడు. "టేకు పాడైంది. అవి చల్లారాక ఇంకోటి తీద్దాం."

ఆమెకు అప్పుడు తెలిసింది, తను భయం కోసం రాలేదని. అతని కోసం వచ్చింది. రేకుల చప్పుడని తెలియగానే లోపల కదిలిందేదో మళ్ళీ ఉన్నచోటికి వెళ్ళి పడుకుంది. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. ఇంటికెళ్ళి అత్తయ్యకు తిన్నానని చెప్పాలి అనుకుంది.

రేకులు పలకడం మానేశాయి. బయట గాలి కూడా పడిపోయింది.

"టోన్," అన్నాడు బాబాయ్. ఈసారి గొంతు మామూలుగా ఉంది.

ఆమె నిలబడింది. ఎంత నిశ్శబ్దమంటే, కనురెప్ప కొట్టుకుంటే తనకే వినపడేటంత.

చాలాసేపు ఏమీ లేదు.

తర్వాత... వెనకాల... పరుపు ఊపిరి వదిలింది.

ఉస్స్... అని. పైనుంచి బరువు దిగితే స్పాంజి నలిగే చప్పుడు. రెండు కాళ్ళు ఒకేసారి, మెత్తగా, సరిగ్గా పరుపు మధ్యలో.

ఆమె తిరగలేదు. దెయ్యం సినిమాల్లో వాళ్ళు మెల్లగా వెనక్కి తిరుగుతారు. అలా తిరగడం తెలివితక్కువని ఆమె ఎప్పుడూ అనేది. కానీ ఆమె తిరగకపోవడానికి కారణం అది కాదు. తిరిగితే ఎవరూ ఉండరేమోనని. ఇంకా రికార్డింగ్ నడుస్తోంది. కదలకూడదు. ఆమె ఊపిరి ఆపేసింది.

అయినా చీకట్లో ఊపిరి ఉంది.

మెత్తగా, ఆయాసంగా, పరుగెత్తి వచ్చిన మనిషి దాచుకోవాలని చూసే ఊపిరి. తర్వాత బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మారింది.

టక్.

"అల్లుడూ... మోకాలు!"

స్పీకర్లో బాబాయ్. అలవాటులో, చిరాగ్గా, నవ్వుతూ, ఎప్పుడూ అరిచినట్టే అరిచేశాడు.

ఆ మాట ఫ్లోరంతా నిండి ఆగిపోయింది. బాబాయ్ బొత్తాం మీంచి వేలు తీయడం మర్చిపోయినట్టున్నాడు. స్పీకర్లో ఆయన గుటక మింగడం వినపడింది.

చప్పుళ్ళక్క వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఆమె మోకాళ్ళు రెండూ రాయిలా ఉన్నాయి. అవి ఎప్పుడూ చప్పుడు చేసినవి కావు.

చాలాసేపటికి బాబాయ్ గుసగుసగా అన్నాడు. "తల్లీ... నేను... లోపలికి రానా?"

"వద్దు బాబాయ్. పాడైంది కదా. ఇంకోసారి తీద్దాం."

తర్వాత ఆమె గొంతు తగ్గించింది. తల తిప్పకుండానే, మంచం మీద పక్కనున్న మనిషితో అన్నట్టు అంది.

"ఈసారైనా కదలకుండా నిలబడు."

బాబాయ్ టోన్ అన్నాడు. అన్నాడని కూడా చెప్పలేం, పెదవులు కదిలాయేమో.

ఆ మూడో టేకు చాలాసేపు నడిచింది. విన్నవాళ్ళు ఉన్నారు. అందులో పరుగు లేదు, పరుపు చప్పుడు లేదు, ఎక్కడా మోకాలు పలకలేదు. మొదట ఉత్త నిశ్శబ్దం. కాసేపటికి అందులోంచి సన్నగా ఒక ఎక్కిళ్ళ చప్పుడు, ఆపుకోబోయి ఆపుకోలేక, ఇన్నాళ్ళుగా దాచినదంతా ఒక్కసారి తెగినట్టు ఒక ఆడమనిషి ఏడుపు.

బాబాయ్ ఆపమనలేదు. ఆ రాత్రి డూపు నిజంగానే కదలకుండా నిలబడ్డాడు. టేకు చెడగొట్టింది ఆమే.